పెనం వీపు

ఆదోనిలో పత్తి మార్కెట్టు వెనక సందు.
మౌలాలి పాత ఇనుము కొట్టుకు
మంగళవారం పొద్దున్నే నా పెనం మోసుకుపోయినా.
కిలో లెక్కన తూస్తే
కొత్త నాన్‌స్టిక్కుకు సగం డబ్బన్నా వస్తుందని.

ముసిలాయన తూకంలో పెట్టలేదు.
బోర్లించినాడు.
"ముఖం సూసేది రొట్టె తినేటోళ్లు.
వయసు సెప్పేది వీపే."

ఎమ్మిగనూరు జాతరలో
పాత సామాన్ల గుట్టలోంచి ఏరి
ముప్పై రూపాయలకు కొన్న పెనం.
బస్టాండు పక్కన ఇరవై ఆరేండ్లు జొన్నరొట్టెలు కాల్చింది.
దానికొక వీపుందని
నేనెన్నడూ అనుకోలేదు.

బూడిద, కొబ్బరి పీచు, రవ్వంత కిరసనాయిలు.
మసి పొరలు పొరలుగా ఊడి
ఆయన గోళ్లలో ఇరుక్కుంది.
కణుపుతో తట్టినాడు. ఖంగుమంది.
"పగులు లేదు. పగిలింటే బొంగురుపోతాది."

"ఇదో, నడిపొట్ట మీద ఈ గాటు.
కాగిన ఇనుము లోపలికి దిగిన దారి.
బొడ్డు కోసిన గుర్తనుకో.
తర్వాత పక్క నుంచి పోసేది నేర్చినారు, గాటు పోయింది.
గాటుందంటే
ఇది నాకంటే రెండేండ్లన్నా పెద్దది."

పెనాన్ని ఎండకు ఏటవాలుగా పట్టినాడు.
"శ్రీ" అని ఉబ్బిన అక్షరం కింద
ఇంకో అక్షరం, నీళ్లలో మునిగిన మాదిరి.
"హంపయ్య శెట్టి కార్ఖానా.
జిన్నింగు మిల్లులకు పండ్ల చక్రాలు పోసేటోళ్లు.
మిగిలిన ఇనుము సాయంత్రం పెనాలయ్యేది.
యజమాని మారినాడు, అచ్చు మారలేదు.
పాత పేరు గీకేసి కొత్త పేరు అంటించినారు.
సరిగ్గా గీకలేదు."

దారంతో అడ్డంగా కొలిచినాడు, నిలువుగా కొలిచినాడు.
నకలు కాదంట.
పెనాన్నే అచ్చుగా పెట్టి ఇంకొకటి పోస్తే
చల్లారేటప్పుడు అది ముడుచుకుంటుందంట.
నకలుకు నకలు తీస్తే ఇంకా చిన్నదవుతుందంట.
"సివరికి గంటె అయితాదేమో," అని
తానే నవ్వుకున్నాడు.

చెవి కింద వేలు ఆగింది.
గోటితో నొక్కినట్టు ఒక వంక.
"కూలి లెక్క ఇది.
ఎన్ని పోస్తే అన్ని అణాలు.
సంతకం రానోళ్లు గుర్తులు పెట్టేటోళ్లు.
మూడు చుక్కలు తిక్కయ్యవి.
నెలవంక ఈరన్నది.
కానీ ఇది బోర్లా పడిందే!"

రేకుడబ్బాలోంచి నోటుబుక్కు తీసినాడు.
పుటపుటకూ బొగ్గుతో రుద్ది ఎత్తిన ముద్రలు.
శానాసేపు వెతికినాడు.
టీ చల్లారింది. ఈగ పడింది.

"ఈరన్న చెయ్యి కాలినాక
ఆర్నెల్లు ఆయన పెండ్లాము వచ్చేది. ఉరుకుందమ్మ.
రాత్రిపూట, దీపం కింద ఇసుక దట్టించేది.
లెక్కలో మొగుని పేరే.
గుర్తు మాత్రం తిరగేసి పెట్టేది.
మేస్త్రీ కనిపెట్టలేదు.
కనిపెట్టినా ఊరుకున్నాడేమో."

"నీకెట్ల తెలుసు?"

"మా నాయన ఆడ ఇసుక జల్లించేటోడు.
ఆయన సెప్పినాడు.
నిజమో, పొద్దుపోక కల్పించినాడో."

"ఏ సంవత్సరంది?"

"అణాలు పోయి నయాపైసలు రాకముందుది.
అంతకంటే గట్టిగా సెప్తే
అది నా అబద్ధం."

ముద్ర తీసుకున్నాడు. పెనం కొనలేదు.
చదివిన కూలి రెండు రొట్టెలు, ఎర్రకారం ఎక్కువ వేసి.

సాయంత్రం పొయ్యి మీద పెట్టినా.
కడిగిన వీపు మళ్లీ నల్లబడుతూ ఉంది.
పిండి తట్టుతుంటే అంచున
నా బొటనవేలి గోరు దిగింది.
రోజూ దిగేదే.
ఇవాళ చూసినా.
చెరపకుండా
తిరగేసి పెనం మీద వేసినా.